విలియం హ్యూసన్

విలియం హ్యూసన్ (నవంబరు 14, 1739 - మే 1, 1774) ఇంగ్లాండు దేశానికి చెందిన సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు, శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు. పక్షులు, తాబేళ్ళు, చేపలు మొదలైన జీవులలో కూడా శోషరస నాళాలు ఉన్నాయని నిరూపించినవాడు. రక్తము గడ్డకట్టడానికి మూలము ఎర్రకణాలలో కాక, వాటి చుట్టూ ఉండే ద్రవములో ఉన్నదని ప్రయోగపూర్వకముగా చూపినవాడు. శోషరస గ్రంథులు, థైమస్ గ్రంథి, ప్లీహము అనే అవయవాలు వేరు వేరు పనులు చేసే విడి భాగాలు కావనీ, అవి ఒకే వ్యవస్థకు చెందినవనీ, తెల్లని సూక్ష్మకణాలను తయారుచేసి రక్తములోనికి పంపుతాయనీ గ్రహించిన తొలి శాస్త్రజ్ఞులలో ఇతడు ముఖ్యుడు. ఇతనిని రక్తశాస్త్ర పితామహుడని పేర్కొనేవారు కూడా ఉన్నారు. శవచ్ఛేదన చేస్తూ ఉండగా తగిలిన గాయము విషమించి 34 సంవత్సరాల చిన్న వయస్సులోనే మరణించాడు.

నేపథ్యము

హ్యూసన్ చేసిన పని విలువ తెలియాలంటే అతనికి పూర్వము శోషరస వ్యవస్థను గూర్చి తెలిసినది ఎంతో చూడవలసి ఉంటుంది. మన శరీరములో రక్తనాళాలతో పాటు మరొక నాళాల అల్లిక కూడా ఉన్నది. సన్నని కేశనాళికల గోడల గుండా రక్తద్రవములో కొంత భాగము కణాల మధ్యకు ఊరుతూ ఉంటుంది. ఇలా ఊరిన ద్రవము అక్కడే నిలిచిపోతే కాళ్ళూ చేతులూ వాచిపోతాయి. దానిని చేర్చుకొని మరల రక్తములో కలిపే నాళాలే శోషరస నాళాలు. వాటిలో ప్రవహించే లేత పసుపు రంగు ద్రవమే శోషరసము. మనిషిలో రోజుకు ఇంచుమించు 3 లీటర్ల శోషరసము ఈ విధంగా మెడ మొదట్లో ఉన్న పెద్ద సిరలలోనికి చేరుతుందని సాధారణముగా లెక్క కడతారు. కోస్తా ఆంధ్రములోను, తెలంగాణలోను తరతరాలుగా ప్రజలను బాధించిన బోదకాలు వ్యాధిలో ఫైలేరియా పురుగులు చేరి పాడుచేసేది ఈ నాళాలనే.

ఈ నాళాలు చాలా పలుచనివి, రంగులేనివి. అందుచేత శతాబ్దాల తరబడి ఎవరి కంటా పడలేదు. 1622లో ఇటలీకి చెందిన గాస్పరే అసెల్లి, అంతకు కొద్దిసేపటి ముందే మేత తిన్న కుక్క పొట్టను కోసి చూస్తూ, ప్రేగుల నుండి బయలుదేరే పాలవంటి తెల్లని తీగలను గమనించాడు. 1651లో ఫ్రాన్సుకు చెందిన ఝాఁ పెకే ఆ తెల్లని ద్రవము ఛాతీలో ఒక పెద్ద నాళము ద్వారా పైకి పోయి సిరలో కలుస్తుందని ప్రకటించాడు. ఆ వెంటనే స్వీడనులో ఓలౌస్ రుడ్బెక్, డెన్మార్కులో థామస్ బార్తోలిన్ ఈ నాళాలు ప్రేగులలోనే కాక శరీరమంతటా ఉన్నాయని కనుగొని, ముందు ఎవరు కనుగొన్నారన్న విషయములో తగవుపడ్డారు. ఈ శాస్త్ర శాఖలో తగవులకు కొదవ లేదు.

ఇంత జరిగినా 18వ శతాబ్దము మధ్య నాటికి రెండు చిక్కులు మిగిలిపోయాయి. మొదటిది, ఈ నాళాలు పాలిచ్చే జంతువులలో తప్ప పక్షులలోగాని చేపలలోగాని ఉన్నట్లు రుజువు కాలేదు. కోడి, చేప అవి లేకుండా బ్రతకగలిగితే ద్రవాలను పీల్చుకొనడానికి అవి అవసరమన్న వాదన నిలబడదు. రెండవది, ఆ నాళాల దారిలో అక్కడక్కడ చిక్కుడు గింజల వలె కనిపించే గ్రంథులు ఎందుకున్నాయో ఎవరికీ తెలియదు. ఈ రెండు చిక్కులనూ హ్యూసనే చేపట్టాడు.

బాల్యము, విద్యాభ్యాసము

హ్యూసన్ ఇంగ్లాండు ఉత్తర భాగములోని నార్తంబర్లాండ్‌లో హెక్సమ్ అనే పట్టణములో జన్మించాడు. తండ్రి పేరు కూడా విలియం హ్యూసనే. ఆయన ఆ ఊరిలో శస్త్రవైద్యుడుగాను, మందులు తయారుచేసి ఇచ్చేవాడుగాను పేరు తెచ్చుకొన్నాడు. ఆ దంపతుల పదకొండుమంది సంతానములో హ్యూసన్ ఒకడు. హెక్సమ్ పాఠశాలలో చదువు ముగించి, ఆ కాలపు ఆచారము ప్రకారము తండ్రి వద్దనే వైద్యములో తొలి పాఠాలు నేర్చుకొన్నాడు. తరువాత న్యూకాజిల్ నగరములో రిచర్డ్ లాంబర్ట్ అనే శస్త్రవైద్యుని వద్ద శిష్యరికము చేశాడు.

1759లో లండను చేరాడు. అక్కడ జాన్ హంటర్ ఇంట బస చేస్తూ, అతని అన్న విలియం హంటర్ నడిపే శరీర నిర్మాణ శాస్త్ర పాఠశాలలో చేరాడు. హంటర్ సోదరులు స్కాట్లండువారు. ఆ రోజులలో లండనులో శరీర నిర్మాణ శాస్త్రము నేర్వదలచినవారికి వారి పాఠశాలను మించినది లేదు. 1760లో జాన్ హంటర్ సైన్య వైద్యుడుగా నియమితుడై వెళ్ళినప్పుడు శవచ్ఛేదన శాలలో విద్యార్థులకు నేర్పే బాధ్యత హ్యూసన్‌కు అప్పగించబడింది. అప్పటికి అతడు ఇరవై, ఇరవై ఒకటి సంవత్సరాల యువకుడు. ఎడింబరోలో ఒక శీతకాలము చదువుకొని తిరిగివచ్చిన పిదప, 1762లో విలియం హంటర్ అతనిని తన పాఠశాలలో భాగస్వామిగా చేర్చుకొన్నాడు. 1765లో హ్యూసన్ ఫ్రాన్సులో కూడా పర్యటించాడు.

పక్షులు, తాబేళ్ళు, చేపలు

శోషరస నాళాలు కంటికి కనిపించనివి గనుక, వాటిని కనిపించేటట్లు చేయుటే మొదటి పని. ఇందుకు ఆ కాలపు వారు పాదరసమును వాడేవారు. సన్నని గొట్టమును నాళములో దూర్చి పాదరసము పోస్తే అది తన బరువుతో తానే లోపలికి జారి, వెండి తీగలు పరచినట్లు దారి పొడవునా మెరుస్తుంది. చెప్పినంత సులభమైన పని కాదిది. నాళము గోడ పొర కంటె పలుచన. గొట్టము కొద్దిగా ఒరిగినా, పాదరసము బరువు కొద్దిగా ఎక్కువైనా గోడ చిట్లి అంతా చెదిరిపోతుంది. పైగా శోషరస నాళాలలో ద్రవమును ఒక దిక్కుకే పోనిచ్చే కవాటాలు ఉంటాయి. ఎదురు దిక్కున పోస్తే పాదరసము అక్కడే ఆగిపోతుంది. హ్యూసన్ హస్తనైపుణ్యము ఈ పనిలోనే బయటపడింది.

ఆ పనితనముతోనే హ్యూసన్ పక్షులలోను, తాబేలులోను, చేపలలోను శోషరస నాళాలను ఒకదాని వెంట ఒకటిగా చూపించాడు. ఈ విషయముపై అతని వ్యాసాలు 1768 నుండి లండనులోని రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురితమయ్యాయి. తాబేలు, చేపలపై వ్రాసిన రెండు వ్యాసాలకుగాను 1769లో సొసైటీవారి అత్యున్నత పురస్కారమైన కోప్లీ పతకము లభించింది. అప్పటికి అతనికి ముప్పై ఏళ్ళు. మరుసటి సంవత్సరము అతనిని సొసైటీ సభ్యుడుగా ఎన్నుకొన్నారు.

ఈ పరిశోధనలో మరొక విశేషము ఉన్నది. నాళాలు అన్ని జీవులలో ఉన్నా, వాటి దారిలోని గ్రంథులు మాత్రము అన్నింటిలో ఒకే విధముగా లేవు. చేపలలో అవి లేవు. పక్షులలో చాలా అరుదు. పాలిచ్చే జంతువులలో మాత్రమే విస్తారముగా ఉంటాయి. అంటే ద్రవమును మోసుకొనిపోవడానికి గ్రంథులతో పని లేదన్నమాట. మరి అవి ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలోనే హ్యూసన్ శేష జీవితము గడిచింది.

మన్రోతో వివాదము

ఎడింబరో విశ్వవిద్యాలయములో ఆచార్యుడైన అలెగ్జాండర్ మన్రో ఈ విషయాలలో కొన్నింటిని తానే ముందు కనుగొన్నానని ప్రకటించాడు. (మన రాయలసీమవారు నేటికీ తలచుకొనే సర్ థామస్ మన్రో వేరు, ఈయన వేరు.) తాబేలులోని శోషరస నాళాలు మొదట ఎవరు చూశారన్నది ఒక తగవు. ఛాతీలో ఊపిరితిత్తుల చుట్టూ గాలి చేరి ప్రాణాపాయము కలిగినప్పుడు ఛాతీకి రంధ్రము చేసి ఆ గాలిని తీసివేయవచ్చుననే చికిత్స మొదట ఎవరు సూచించారన్నది రెండవ తగవు. అంతకుముందే విలియం హంటర్‌కూ మన్రోకూ శోషరస నాళాల విషయములోనే వైరము ఉన్నది. గురువుగారి పగ శిష్యునికి కూడా సంక్రమించిందని అనుకోవచ్చు. అయితే ముందు చూచుట వేరు, చూచినదానిని వివరముగా వ్రాసి పదిమంది ముందు పెట్టుట వేరు. రెండవ పని చేసినవాడు హ్యూసన్. కోప్లీ పతకము ఇచ్చినవారు కూడా ఆ విధంగానే భావించినట్లున్నది.

రక్తముపై ప్రయోగాలు

శోషరసము చివరకు రక్తములోనే కలుస్తుంది గనుక హ్యూసన్ రక్తమును కూడా సూక్ష్మముగా పరీక్షించాడు. అప్పట్లో రక్తము బయటకు వచ్చి చల్లబడుట వలన గడ్డకడుతుందని కొందరు, కదలిక లేకుండా నిలిచిపోవుట వలన గడ్డకడుతుందని కొందరు చెప్పేవారు. ఎర్రకణాలు ఒకదానికొకటి అతుక్కొనుటే గడ్డకట్టుట అని కొందరి అభిప్రాయము. హ్యూసన్ ఈ మాటలను ఒక్కొక్కటిగా పరీక్షకు పెట్టాడు. కుక్క మెడలోని సిరను రెండు చోట్ల దారముతో బిగించి కట్టి, మధ్యలో నిలిచిన రక్తము చాలాసేపటి వరకు ద్రవముగానే ఉండుట గమనించాడు. చల్లబరిస్తే గడ్డకట్టుట త్వరపడక ఆలస్యమయింది. రక్తమును మంచువలె గడ్డకట్టించి మరల కరిగిస్తే, అది మొదట ద్రవముగా మారి ఆ తరువాతనే తన సహజ రీతిలో గడ్డకట్టింది.

అన్నిటికంటె ముఖ్యమైన ప్రయోగము లవణాలతో చేసినది. అప్పుడే తీసిన రక్తములో కొన్ని లవణాలు కలిపితే అది గడ్డకట్టదు. ఎర్రకణాలు అడుగుకు దిగిపోతాయి. పైన తేరిన ద్రవమును వేరుచేసి దానికి నీరు చేర్చితే, ఒక్క ఎర్రకణము లేకపోయినా అది గడ్డకడుతుంది. అంటే గడ్డకట్టే పదార్థము ద్రవములోనే ఉన్నది. దీనినే తరువాతి వారు ఫైబ్రినోజెన్ అన్నారు. ఈ ప్రయోగాలను 1771లో పుస్తకముగా వెలువరించాడు.

ఎర్రకణాలు గుండ్రని బంతులవలె ఉంటాయని అందరూ నమ్ముతున్న కాలములో, అవి నాణెములవలె బల్లపరుపుగా ఉంటాయని హ్యూసన్ 1773లో ప్రకటించాడు. పూర్వులు రక్తమును నీటితో పలుచన చేసి చూచేవారు. నీరు లోపలికి చేరి కణాలు ఉబ్బి బంతులుగా కనిపించేవి. హ్యూసన్ నీటికి బదులు రక్తము నుండి తీసిన ద్రవమునే వాడాడు. పాఠశాల ప్రయోగశాలలో చెమ్మెలకపైన నెత్తుటి చుక్కను చూచే విద్యార్థులు నేటికీ ఇదే జాగ్రత్త పాటించవలసి ఉంటుంది.

వివాహము, ఫ్రాంక్లిన్ స్నేహము

1770 జూలై 10న హ్యూసన్ మేరీ స్టీవెన్సన్‌ను వివాహమాడాడు. ఆమె తల్లి మార్గరెట్ స్టీవెన్సన్ లండనులో క్రేవెన్ వీధిలో ఇల్లుగల వితంతువు. ఆ ఇంటిలో అద్దెకున్నవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. మెరుపు విద్యుత్తేనని చూపి, అప్పటికే జగద్విఖ్యాతుడైన ఆ అమెరికా మేధావి, తన ప్రాంతపు ప్రతినిధిగా లండనులో ఏళ్ళ తరబడి ఆ ఇంటనే నివసించాడు. మేరీని కన్న కూతురివలె చూసుకొనేవాడు. ఆమెకు విజ్ఞాన శాస్త్ర విషయాలను లేఖల ద్వారా బోధించాడు. హ్యూసన్ దంపతుల మొదటి కుమారునికి జ్ఞానస్నాన సమయములో ధర్మపిత అయినవాడు కూడా ఆయనే.

వివాహము తరువాత విలియం హంటర్‌తో సంబంధాలు చెడిపోయాయి. పాఠశాలలో హ్యూసన్ స్వయముగా తయారుచేసిన శరీర భాగాల నమూనాలు ఎవరివన్నది ముఖ్యమైన పేచీ. తన శాలలో తన ఖర్చుతో చేసినవి గనుక తనవేనని హంటర్ వాదన. అవి లేనిదే బోధన సాగదు గనుక, వాటిని కోల్పోతే హ్యూసన్‌కు జీవనోపాధి లేదు. ఫ్రాంక్లిన్ ఇరువురి మధ్య రాజీ కుదర్చడానికి పూనుకొన్నాడు. 1772లో భాగస్వామ్యము ముగిసింది. హ్యూసన్ క్రేవెన్ వీధిలోని ఇంటిలోనే స్వంత పాఠశాల తెరిచాడు. శ్రీమతి స్టీవెన్సన్, ఫ్రాంక్లిన్ అదే వీధిలో మరొక ఇంటికి మారి వారికి చోటిచ్చారు. హ్యూసన్ బోధనకు విద్యార్థులు విశేషముగా వచ్చారు.

శోషరస గ్రంథులు, థైమస్, ప్లీహము

క్రేవెన్ వీధిలో గడిపిన కొద్ది కాలములోనే హ్యూసన్ తన జీవితములోకెల్ల గొప్ప పని చేశాడు. శోషరస గ్రంథిని కోసి, అందులో నుండి కారిన పాలవంటి ద్రవమును పలుచన చేసి సూక్ష్మదర్శినితో చూచాడు. అందులో లెక్కలేనన్ని తెల్లని సూక్ష్మకణాలు కనిపించాయి. గ్రంథిలోనికి వచ్చే నాళములో కంటె గ్రంథి నుండి బయటకు పోయే నాళములో వాటిని చూచుట అతనికి ముఖ్యమయింది. ఆ కణాలు గ్రంథిలోనే పుట్టి, శోషరసముతో పాటు రక్తములోనికి పోతున్నాయని అతడు తేల్చాడు. నేడు మనము లింఫోసైట్లని పిలిచే తెల్ల రక్తకణాలివే.

తరువాత థైమస్ గ్రంథిని పరిశీలించాడు. ఇది ఛాతీలో రొమ్ము ఎముక వెనుక, గుండెకు పైభాగాన ఉంటుంది. పసిపిల్లలలో పెద్దదిగా ఉండి వయస్సుతో పాటు కరిగిపోతుంది. అందువలన పెద్దవారి కళేబరాలను కోసేవారికి అది సరిగా కనిపించేది కాదు. దాని ద్రవములో కూడా సరిగ్గా అవే తెల్లని కణాలు కనిపించాయి. ఆ కణాలు శోషరస నాళాల ద్వారానే బయటకు పోతున్నాయి. కావున థైమస్ శోషరస గ్రంథులకు తోడుగా ఏర్పడినదనీ, శరీరము పెరిగే వయస్సులో ఎక్కువ అవసరమవుతుందనీ హ్యూసన్ భావించాడు. ప్లీహమును కూడా ఈ వ్యవస్థలోనే చేర్చాడు.

ఇంతవరకు అతని చూపు తప్పలేదు. అయితే ఈ కణాలు రక్తములో ఏమి చేస్తాయన్న దగ్గర దారి తప్పాడు. కప్ప మొదలైన జీవుల ఎర్రకణాల నడుమ ఒక కేంద్రకము ఉంటుంది. మనిషి ఎర్రకణములో అది ఉండదు. ఈ భేదము హ్యూసన్‌కు తెలియలేదు. గ్రంథులలో పుట్టిన తెల్లని కణమే ఎర్రకణానికి నడిమి గింజ అవుతుందనీ, ప్లీహము దాని చుట్టూ ఎర్రని పొర కడుతుందనీ ఊహించాడు. సూక్ష్మజీవులే రోగకారకాలని ఇంకా ఎవరికీ తెలియని కాలములో, రక్తములో కాపలా తిరిగే కణాలుంటాయన్న ఆలోచన రావడానికి అవకాశము లేదు. రక్తములో కణమంటే ఎర్రకణమే. కాబట్టి కణాల కర్మాగారము కనిపించగానే అది ఎర్రకణాల కోసమేనని అనుకొనుట ఆశ్చర్యము కాదు.

మరణము

1774లో హ్యూసన్ శోషరస వ్యవస్థపై తన గ్రంథము రెండవ భాగమును ప్రచురించి ఫ్రాంక్లిన్‌కు అంకితమిచ్చాడు. గ్రంథులు, థైమస్, ప్లీహములను గూర్చిన మూడవ భాగము ఇంకా పూర్తి కాలేదు. ఆ వసంతములో కుళ్ళిన కళేబరమును కోస్తూ ఉండగా అతనికి గాయమయింది. జ్వరము వచ్చింది. మే 1న మరణించాడు.

చేతి తొడుగులు లేని ఆ కాలములో శవచ్ఛేదన చేసేవారికి ఇటువంటి మరణము కొత్త కాదు. 73 సంవత్సరాల తరువాత వియన్నాలో ఇదే విధంగా మరణించిన ఆచార్య కొల్లెచ్కా రోగలక్షణాలను చూచిన మీదటనే, అతని మిత్రుడు సెమ్మెల్‌వైస్ బాలింతల మరణాలకు కారణము వైద్యుల చేతులకంటిన శవపదార్థమేనని గ్రహించాడు. సామాన్యముగా చేతికి తగిలిన గాయములోని క్రిములు చంక వైపుగా శోషరస నాళాల వెంట ప్రాకుతాయి. చర్మముపై ఎర్రని చారలు కనిపిస్తాయి. చంకలోని గ్రంథులు వాస్తాయి. మన పల్లెలలో కాలికి దెబ్బ తగిలి చీముపట్టినప్పుడు గజ్జలలో బిళ్ళ కట్టిందని అనేది ఈ గ్రంథులను గూర్చియే. ఆ వాపు రోగము కాదు, గ్రంథిలో తెల్లకణాలు విస్తారముగా పెరిగి క్రిములతో పెనుగులాడుతున్నాయని దాని అర్థము. క్రిములు ఆ అడ్డుకట్టను దాటి రక్తమున పడితే ప్రాణాపాయము. ఏ గ్రంథులలో ఆ కణాలు పుడతాయో తన కళ్ళతో చూచిన హ్యూసన్, అవి ఎందుకు పుడతాయో తెలియకనే అటువంటి విషజ్వరముతో మరణించాడు.

కుటుంబము, గ్రంథ ప్రచురణ

భర్త మరణించేనాటికి మేరీ వయస్సు 34 సంవత్సరాలు. ఇద్దరు చిన్న కుమారులు. ఆమె గర్భవతి. కుమార్తె తండ్రి పోయిన తరువాత పుట్టింది. 1786లో మేరీ, ఫ్రాంక్లిన్ ఆహ్వానముపై పిల్లలతో అమెరికాలోని ఫిలడెల్ఫియాకు తరలివెళ్ళింది. 1790లో ఫ్రాంక్లిన్ అవసానదశలో అతని మంచము వద్ద ఉన్నవారిలో ఆమె ఒకతె. 1795లో ఆమె కూడా మరణించింది. రెండవ కుమారుడు థామస్ టికెల్ హ్యూసన్ తండ్రి వృత్తినే చేపట్టి, ఫిలడెల్ఫియా వైద్యుల కళాశాలకు అధ్యక్షుడయ్యాడు.

అసంపూర్ణముగా మిగిలిన మూడవ భాగమును హ్యూసన్ శిష్యుడు మాగ్నస్ ఫాల్కనర్ పూర్తిచేశాడు. ఇతడు హ్యూసన్ సోదరిని వివాహమాడినవాడు. గురువు చేసిన ప్రయోగాలను మరల చేసి సరిచూచుకొని 1777లో ప్రచురించాడు. హ్యూసన్ రచనలన్నింటినీ 1846లో జార్జి గలివర్ ఒక సంపుటముగా పరిష్కరించాడు. అయినా థైమస్‌ను గూర్చి, శోషరస గ్రంథులను గూర్చి అతడు చెప్పినది చాలాకాలము మరుగున పడింది. ఎర్రకణాల ఊహ తప్పని తేలిన మీదట, దానితో పాటు సరియైన మాట కూడా పోయింది.

తరువాతి శాస్త్రజ్ఞులు

20వ శతాబ్దము మధ్య వరకు కూడా లింఫోసైట్లు ఎందుకున్నాయో ఎవరూ నిశ్చయముగా చెప్పలేకపోయారు. ఛాతీలోని పెద్ద శోషరస నాళము ద్వారా రోజూ రక్తములో చేరే లింఫోసైట్లు, రక్తములో ఒకసారికి ఉండేవాటికంటె ఎన్నో రెట్లు ఎక్కువ. మరి అవన్నీ ఏమైపోతున్నాయి? అవి కొద్ది గంటలలో చచ్చిపోతాయని చాలామంది భావించేవారు. 1950ల చివర ఆక్స్‌ఫర్డ్‌లో జేమ్స్ గోవన్స్ ఎలుకలపై చేసిన ప్రయోగాలతో చిక్కు విడిపోయింది. అవే కణాలు రక్తము నుండి శోషరస గ్రంథులలోనికి, అక్కడి నుండి శోషరసములోనికి, మరల రక్తములోనికి ఎడతెగక తిరుగుతున్నాయి. ఊరంతా గస్తీ తిరిగే తలారివలె, తమకు గుర్తున్న శత్రువు ఎక్కడైనా తగులుతుందేమోనని ఒక్కొక్క గ్రంథినే వెదకుతూ పోతాయి. మనిషిలో ఇటువంటి గ్రంథులు సుమారు 600 ఉంటాయి. గాయము వద్ద క్రిముల ముక్కలను పట్టుకొన్న కణాలు శోషరసముతో పాటు వచ్చి చేరేదీ వాటిలోనికే. కావున వెదకే కణము, వెదకబడే శత్రువు రెండూ అక్కడ కలుస్తాయి.

థైమస్ సంగతి ఇంకా ఆలస్యముగా తెలిసింది. పెరిగిన జంతువులలో దానిని కోసి తీసివేసినా చెప్పుకోదగిన నష్టము కనిపించకపోవడముతో అది నిష్ప్రయోజనమైన అవయవమని నిర్ణయించుకొన్నారు. 1961లో లండనులో పరిశోధన చేస్తున్న జాక్వెస్ మిల్లర్ అప్పుడే పుట్టిన చిట్టెలుకలలో థైమస్‌ను తీసివేసి చూచాడు. వాటిలో లింఫోసైట్లు తగ్గిపోయాయి. అవి రోగాలకు సులభముగా లొంగిపోయాయి. పరాయి ఎలుక చర్మమును అంటుకట్టినా త్రోసిపుచ్చలేకపోయాయి. ఎముక మజ్జలో పుట్టిన కణాలు థైమస్‌లో చేరి, స్వపరభేదము నేర్చుకొని, పరీక్షలో నెగ్గిన కొద్ది భాగము మాత్రమే బయటకు వస్తాయి. ఈ పని చాలావరకు బాల్యములోనే జరిగిపోతుంది. అందుకే పెద్దవయస్సులో తీసివేస్తే లోపము బయటపడదు. థైమస్ అవసరము చిన్న వయస్సుకేనని హ్యూసన్ చెప్పిన మాటకు 187 సంవత్సరాల తరువాత అర్థము దొరికింది.

పక్షుల విషయము కూడా ఇటువంటిదే. శోషరస గ్రంథులు అరుదైన పక్షులలో, తోక దగ్గర బుర్సా అనే చిన్న సంచి ఉంటుంది. 1956లో అమెరికాలో బ్రూస్ గ్లిక్, బుర్సా తీసివేసిన కోళ్ళు ప్రతిరక్షకాలను తయారు చేయలేవని కనుగొన్నాడు. పేరున్న పత్రిక ఆ వ్యాసమును తిప్పిపంపగా కోళ్ళ పెంపకపు పత్రికలో అది అచ్చయింది. నేడు పాఠ్యపుస్తకాలలో కనిపించే బి-కణాలలోని బి బుర్సా నుండి, టి-కణాలలోని టి థైమస్ నుండి వచ్చాయి.

ఇక ప్లీహము. శోషరస గ్రంథులు శోషరసమును వడపోస్తే ప్లీహము రక్తమును వడపోస్తుంది. ముసలివైన ఎర్రకణాలను తొలగిస్తుంది, రక్తములో దొరికిన క్రిములపై ప్రతిరక్షకాలను తయారుచేయిస్తుంది. చలిజ్వరము మరల మరల వచ్చిన పిల్లలకు కడుపులో బల్ల పెరిగిందని మన పెద్దలు చెప్పేది ఈ ప్లీహము వాపునే. చిన్నతనములో ప్లీహము తీసివేసినవారికి కొన్ని క్రిముల వలన తీవ్రమైన రోగము వచ్చే ప్రమాదము ఎక్కువని 1952లో వైద్యులు ప్రకటించారు. అందుచేతనే అటువంటివారికి ప్రత్యేకముగా టీకాలు వేస్తారు.

క్రేవెన్ వీధి ఎముకలు

1998లో క్రేవెన్ వీధిలోని 36వ నంబరు ఇంటికి, ఫ్రాంక్లిన్ స్మారక గృహముగా మార్చే ఉద్దేశముతో, మరమ్మతులు చేస్తుండగా నేల క్రింద మనుష్యుల ఎముకలు బయటపడ్డాయి. ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు లోతుగల గోతిలో 1200కు పైగా ఎముక ముక్కలు దొరికాయి. అవి కనీసము పదిహేనుమందివి. వారిలో పిల్లలు కూడా ఉన్నారు. మొదట వార్తాపత్రికలు ఫ్రాంక్లిన్ హంతకుడా అన్నంత వరకు పోయాయి. రంపపు కోతలు, పుర్రెకు చేసిన రంధ్రాలు చూచిన మీదట అవి హ్యూసన్ పాఠశాల నాటివని తేలింది. ఆ కాలములో చట్టము ప్రకారము ఉరితీయబడిన హంతకుల కళేబరాలే శవచ్ఛేదనకు దొరికేవి. అవి చాలక పోవడముతో శ్మశానాల నుండి దొంగతనముగా తెచ్చి అమ్మేవారు. 1832లో కొత్త చట్టము వచ్చేవరకు ఇంగ్లాండులో ఇదే స్థితి. కోసిన తరువాత రహస్యముగా ఇంటి క్రిందనే పూడ్చివేయుట అందుకే. ఈ మనుష్యులెవరో, ఏ ఊరివారో తెలుసుకొనే మార్గము లేదు.

ఆ గోతిలోనే మనుష్యుల ఎముకలతో పాటు ఒక తాబేలు వెన్నెముక భాగము, దానితో పాదరసము కూడా దొరికాయి. ఆ ఇల్లు 2006లో ప్రజల సందర్శనకు తెరవబడింది.